మనసు జబ్బుల వైద్యము – మన బిడ్డలకు ఏ మార్గము?



మన పల్లెలలో మనసుకు వచ్చే జబ్బులన్నిటికీ ఒకటే మాట ఉన్నది: పిచ్చి. ఆ జబ్బులకు వైద్యము చేసేవారందరికీ ఒకటే పేరు: పిచ్చి డాక్టరు. నిద్రపట్టని బాలింతరాలినీ, త్రాగుడు మానలేని తండ్రినీ, ఎవరికీ వినబడని మాటలు వినే యువకునినీ ఒక్క మాటతో కట్టివేస్తున్నాము. అందుచేతనే మన పిల్లలలో ఎవరైనా "మనసు జబ్బుల వైద్యములో పని చేయాలని ఉన్నది" అంటే ఏ చదువు చదవాలో, ఎన్నేళ్లు పడుతుందో, చివరకు ఏ పని చేతికి వస్తుందో చెప్పగలవారు కరువయ్యారు. అది ఒక్క చదువు కాదు, ఒక్క పని కాదు. ముఖ్యముగా నాలుగు మార్గములు ఉన్నవి. 2022లో మా పెద్దమ్మాయి కొరకు వీటిని విచారిస్తూ తిరిగాము. అప్పుడు తెలుసుకొన్న సంగతులు మీకు ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మా ఇంట ఆ ప్రశ్న పుట్టడానికి కారణము మా బావమరిది. మా ఇల్లాలికి ఒక్కడే తమ్ముడు. డిగ్రీ పూర్తిచేసి రొయ్యల చెరువుల దగ్గర లెక్కలు వ్రాసేవాడు. ఇరవై నాలుగవ ఏట నిద్ర మానివేశాడు. దారిన పోయేవారంతా తన గురించే మాట్లాడుకొంటున్నారని తలుపులు బిగించుకొనేవాడు. అన్నములో ఏదో కలిపారని తల్లి పెట్టిన ముద్ద కూడ ముట్టేవాడు కాదు. ఊరివారు గాలి సోకిందన్నారు. సంఘములో కొందరు, "మందులు వద్దు, నలువది దినములు ఉపవాసముండి ప్రార్థిస్తే చాలు" అన్నారు. మేము ప్రార్థిస్తూనే అతనిని విశాఖపట్నము చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకొని వెళ్లాము. ప్రార్థనకు, వైద్యమునకు తగవు లేదని మా నమ్మకము. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే గదా.

మందులు పనిచేశాయి. రెండు నెలలకు అందరితో కలిసి కూర్చుండి భోజనము చేశాడు. ఎనిమిది నెలలు పనికి కూడ వెళ్లాడు. అప్పుడు బంధువులలో ఒకరు, "బాగయ్యాడు గదా, ఇంకా ఆ మాత్రలెందుకు? అలవాటు పడిపోతాడు" అన్నారు. మా అత్తగారికి మరొక చింత ఉండేది. మాత్ర వేసుకొన్నప్పుడల్లా అతని చేతులు వణికేవి. అది జబ్బు వలననా, మందు వలననా, ఆపవచ్చునా, తగ్గించవచ్చునా? ఆ చిన్న ప్రశ్న అడగడానికి ఆమెకు దగ్గరలో మనిషి లేడు. డాక్టరుగారు రైలు ప్రయాణమంత దూరములో ఉన్నారు. మాత్రలు ఆగిపోయాయి. కోతల కాలము వచ్చేసరికి జబ్బు తిరిగి వచ్చింది, ముందుకన్న ఎక్కువగా వచ్చింది.

రెండవసారి ఆసుపత్రిలో ఒక నర్సమ్మగారు మా అత్తగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆ వణుకు మందు వలన వచ్చేదేననీ, దానికి వేరే మాత్ర ఉన్నదనీ, అసలు మందు మాత్రము ఆపరాదనీ ఓపికగా చెప్పారు. రోజూ మాత్ర వేసుకోవడము కష్టమైనవారికి కొన్ని వారములకొకసారి ఇచ్చే ఇంజెక్షను ఉన్నదని కూడ ఆమె చెప్పగా విన్నాము. డాక్టరుగారిని అడిగితే, ఇతనికి సరిపోతుందన్నారు. అక్కడి సోషల్ వర్కరు ఒకరు వైకల్య ధ్రువపత్రము గురించి వివరించారు. దీర్ఘకాల మానసిక అనారోగ్యమును 1995 చట్టమూ, దాని స్థానములో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టమూ వైకల్యముగా గుర్తించినవని అంతకు ముందు మాకు తెలియదు. మా అమ్మాయి అప్పుడు చిన్నది. అమ్మమ్మ చెంగు పట్టుకొని ఇదంతా చూస్తూ పెరిగింది.

2022లో ఆమె బైపీసీ పూర్తిచేసి నీట్ వ్రాసింది. వచ్చిన ర్యాంకు ప్రభుత్వ సీటుకు చాలలేదు. బంధువులు తలకొక సలహా ఇచ్చారు. మా ఇల్లాలికి పసుపు కుంకుమ క్రింద వచ్చిన అర ఎకరము అమ్మి ప్రైవేటు సీటు కొనమన్నారు కొందరు. మరొక ఏడాది కోచింగులో పెట్టమన్నారు కొందరు. మా అబ్బాయి అప్పటికి పదవ తరగతి. అర ఎకరము ఒకటే, బిడ్డలు ఇద్దరు. అమ్మాయి మాత్రము, "మామయ్యలాంటి వారి దగ్గర పని చేస్తాను. అందుకు డాక్టరే కానక్కరలేదట. ముందు విచారిద్దాము నాన్నగారూ" అన్నది. ఒక నోటు పుస్తకము కొని, డాక్టర్లను, నర్సులను, ఉపాధ్యాయులను అడిగి ఒక్కొక్క మార్గమునకు ఒక్కొక్క పేజీ వ్రాసుకొన్నాము.

మొదటి పేజీ సైకియాట్రిస్టు, అనగా మానసిక వైద్యుడు. నీట్ ద్వారా ఎం.బి.బి.ఎస్.లో చేరాలి. ఇంటర్న్‌షిప్ ఏడాదితో కలిపి అయిదున్నర ఏళ్లు. ఆ తరువాత మరొక ప్రవేశ పరీక్ష వ్రాసి సైకియాట్రీలో ఎం.డి. మూడేళ్లు. ఏ ఆటంకము లేకపోయినా ఎనిమిదిన్నర ఏళ్లు అవుతుంది. ఈ నలుగురిలో జబ్బును నిర్ణయించి మందులు వ్రాసే అధికారము ఈయనదే. వీరి కొరత మన దేశములో చాల ఎక్కువ. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015–16లో 12 రాష్ట్రములలో జాతీయ సర్వే జరిపారు. పెద్దవారిలో 10.6 శాతము మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. జబ్బు రకమును బట్టి 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందడము లేదు. లక్ష మంది జనాభాకు కేరళలో 1.2 మంది సైకియాట్రిస్టులుండగా మధ్యప్రదేశ్‌లో 0.05 మాత్రమే. అనగా అక్కడ ఇరవై లక్షల మందికి ఒక్కరు. మంచి ర్యాంకు, ఓపిక ఉన్న బిడ్డ ఈ దారిని కోరుకొంటే తల్లిదండ్రులు వెనుకకు లాగవద్దని మా మనవి. కాని ఒక సంగతి తెలిసి ఉండాలి. వరుసలో వంద మంది నిలబడియున్న రోజున డాక్టరు ఒక్కొక్కరికి ఇవ్వగలిగేది కొద్ది నిమిషములే.

రెండవ పేజీ క్లినికల్ సైకాలజిస్టు. చాలమంది ఈయనను డాక్టరు అనుకొంటారు. ఈయన మందులు వ్రాయరు. పరీక్షలు జరిపి, మాటల ద్వారా, అభ్యాసముల ద్వారా చికిత్స చేస్తారు. పదే పదే చేతులు కడుగుకొనేవారు, అకారణముగా భయపడేవారు, బడిలో అక్షరములు పట్టుబడని పిల్లలు, బుద్ధిమాంద్యము కొలవవలసిన బిడ్డలు వీరి దగ్గరకు వస్తారు. ఒక్కొక్కరితో గంటసేపు, వారము వెంబడి వారము కూర్చుండాలి. దీనికి బైపీసీయే ఉండాలని లేదు. సైకాలజీలో డిగ్రీ, పి.జి., ఆపైన ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో రెండేళ్ల ఎం.ఫిల్. అనేది ఇన్నాళ్లూ ఉన్న దారి. చదివిన కోర్సును రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించి ఉండాలి. ఆ కౌన్సిలుకు 1992లో చట్టము వచ్చింది. అయితే 2020 నూతన విద్యావిధానము ఎం.ఫిల్. డిగ్రీని తీసివేయమన్నది. ఈ ఒక్క రంగములో ఇబ్బంది రాకుండ యూ.జి.సి. వారు 2024లో క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్కు ఎం.ఫిల్.లకు 2025–26 విద్యాసంవత్సరము వరకు గడువు పొడిగించారు. దారి మారుతున్న కాలమిది. కాబట్టి చేరే నాటికి ఏ కోర్సుకు గుర్తింపు ఉన్నదో కౌన్సిలు వారి జాబితాలో చూచుకొని మరీ చేరాలి. సీట్లు తక్కువ అనేది కూడ గుర్తుంచుకోవాలి.

మూడవ పేజీ సైకియాట్రిక్ సోషల్ వర్కరు. ఏదైన డిగ్రీ, తరువాత సోషల్ వర్కులో రెండేళ్ల పి.జి., ఆపైన పైన చెప్పినటువంటి రెండేళ్ల శిక్షణ. ఈ వృత్తివారి చూపు రోగి ఇంటి మీద ఉంటుంది. ఇంటికి తిరిగి వెళ్లిన తరువాత భార్య ఏమంటుంది? యజమాని మరల పనిలో పెట్టుకొంటాడా? పింఛను వస్తుందా? బస్సు చార్జీకి డబ్బు లేక మందు ఆగిపోతుందా? ఇవన్నీ వైద్యములో భాగమేనని వీరు చూపిస్తారు. ఈ ఆలోచన మన దేశమునకు క్రొత్త కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ అనే పెద్దాయన రోగుల కుటుంబములను పిలిపించి ఆసుపత్రి ఆవరణలో గుడారములు వేయించి రోగితో కూడ ఉండనిచ్చారు. మన మిషను ఆసుపత్రులలో పేరుపొందిన వేలూరు సి.ఎం.సి. వారు బాగాయములోని మానసిక ఆరోగ్య కేంద్రములో కూడ కుటుంబములు రోగితో ఉండే పద్ధతినే పెట్టుకొన్నారు. ఇంటివారు నేర్చుకొంటేనే రోగి నిలబడతాడని వారు గ్రహించారు.

నాలుగవ పేజీ నర్సు. మూడేళ్ల జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగు గాని చదవాలి. మానసిక వైద్యము ఈ చదువులోనే ఒక పాఠ్యాంశము. తరువాత ఇష్టమున్నవారు ఏడాది డిప్లొమా గాని, రెండేళ్ల ఎం.ఎస్సీ. సైకియాట్రిక్ నర్సింగు గాని చేయవచ్చును. మందు మింగాడా లేదా, రాత్రి నిద్రపోయాడా, చచ్చిపోవాలని మాటలాడుచున్నాడా అని కనిపెట్టేది నర్సే. డాక్టరుగారు ఇంటికి వెళ్లిన తరువాత వార్డులో మేలుకొనియుండేది ఆమెయే.

2017లో పార్లమెంటు చేసి, 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఈ నాలుగు వృత్తులకూ ఉండవలసిన అర్హతలను వ్రాసిపెట్టింది. రోగిని గొలుసులతో కట్టడమును ఆ చట్టమే నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టివేయబడిన రోగులు లేచి పరుగెత్తలేక కాలిపోయారు. మరణించినవారు ఇరువదిమందికి పైనే. శిక్షణ లేని చేతులలో మన బిడ్డలను పెడితే ఏమవుతుందో ఆ ఒక్క దినము చూపించింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. మేము విచారిస్తున్న రోజులలో జిల్లా కేంద్రములో ఒక సంస్థవారు, "ఆరు నెలల కౌన్సెలింగ్ కోర్సు చాలు, సొంతముగా బోర్డు పెట్టుకొని వైద్యము చేయవచ్చును" అని మాకు చెప్పి ముప్పై వేలు కట్టమన్నారు. పైన చెప్పిన చట్టములోని అర్హతలు తీసి చూస్తే అటువంటి సర్టిఫికెట్టు అందులో ఎక్కడా లేదు. మేము కట్టలేదు. కౌన్సెలింగ్ నేర్చుకోవడము తప్పని చెప్పడము లేదు. ఎదుటివారి బాధను శ్రద్ధగా వినడము గొప్ప విద్య. గోవాలో సంగత్ అనే సంస్థవారు వృత్తి చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, పెద్దల పర్యవేక్షణలో, డిప్రెషన్‌తో బాధపడేవారితో ఆరు నుండి ఎనిమిది సార్లు కూర్చుండి మాట్లాడించారు. ఎక్కువమందికి మేలు కలిగినట్లు 2017లో వైద్య పత్రికలో ప్రకటించారు. అయితే పర్యవేక్షణలో వినడము వేరు, బోర్డు కట్టి వైద్యుడననడము వేరు. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ చదువు ఏ కౌన్సిలులో నమోదవుతుంది?" సూటిగా జవాబు రాకపోతే లేచి రండి.

నాలుగు పేజీలు నిండినవి గాని నిర్ణయము కాలేదు. మా మనసులో ఆ నాలుగూ ఒక నిచ్చెన మెట్లవలె ఉండేవి: పైమెట్టు డాక్టరు, అది అందనివారికి క్రింది మెట్లు. అమ్మాయి డాక్టరు కావాలని మాకు ఆశ ఉన్నది. ఆమెతో ఆ మాట దాచలేదు. ఒక సాయంకాలము గృహ కూటము ముగిసిన తరువాత ఆ నోటు పుస్తకము ముందు పెట్టుకొని ముగ్గురము కూర్చున్నాము. అమ్మాయి ఇట్లా అన్నది: "డాక్టరుగారు మామయ్యకు మందు వ్రాసింది పది నిమిషములలో. ఆయన లేకపోతే ఏదీ లేదు. కాని ఆ మందు ఆగకుండ చూసింది నర్సమ్మగారు. అమ్మమ్మ అడిగినదానికి జవాబు చెప్పిందీ ఆమెయే. నాకు ఆ పని చేయాలని ఉంది నాన్నగారూ. డాక్టరు సీటు రాలేదని కాదు."

ఆ మాటతో నిచ్చెన అనే తలంపు పోయింది. రోగి జీవితములో నాలుగు వేళలు ఉన్నవి. జబ్బు పైబడిన వేళ మానసిక వైద్యుడు కావాలి. నిద్రలేని రాత్రులలో నర్సు కావాలి. మందు పనిచేసిన తరువాత భయములను, తలంపులను విప్పుకొనే వేళ సైకాలజిస్టు కావాలి. ఇంటికి, పొలమునకు, పనికి తిరిగి వెళ్లే వేళ సోషల్ వర్కరు కావాలి. ఏ ఒక్కరు లేకపోయినా ఆ వేళలో రోగి జారిపోతాడు. మా బావమరిది జారిపోయింది మందు లేక కాదు, ఇంటికి వచ్చిన తరువాత అడిగేవారు లేక. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమములో డాక్టరుతో పాటు మిగిలిన ముగ్గురికి కూడ స్థానము కల్పించింది ఇందుకే. కాబట్టి బిడ్డను "ఏ ఉద్యోగము పెద్దది?" అని కాక, "ఏ వేళలో రోగి ప్రక్కన నిలబడగలవు?" అని అడగాలి. గంటసేపు కదలక వినగలవా? రాత్రి మేలుకొనగలవా? ఊరూరు తిరిగి, మొగము మీద తలుపు వేసినా మరల తట్టగలవా? పదేళ్లు పరీక్షల మీద పరీక్షలు వ్రాయగలవా? బిడ్డ స్వభావము తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

అట్లాగని సంచిలోని డబ్బును మరచిపోమని చెప్పము. మా అమ్మాయి నర్సింగు కోరడములో అది కూడ ఉన్నది. నాలుగేళ్లలో చేతికి వృత్తి వస్తుంది. ఆ తరువాత జీతము తీసుకొంటూ పై చదువు ఆలోచించవచ్చును. తమ్ముడి చదువుకు అడ్డము రాదు. అర ఎకరము అర ఎకరముగానే ఉన్నది. సైకాలజిస్టు గాని, సోషల్ వర్కరు గాని కావాలంటే ఏడేళ్లు చదివితేనే ఆ పేరు దక్కుతుంది. మధ్యలో ఆగితే చేతిలో ఉండేది సగము దారి. ఆ ఏడేళ్లు మోయగల కుటుంబమునకు అవి మంచి దారులే. మోయలేని కుటుంబము అప్పు చేసి మొదలుపెట్టి మధ్యలో ఆపుట కంటె ముందే లెక్క చూసుకొనుట మంచిది.

మాకు ఎదురైన మరొక మాట కూడ వ్రాయాలి. "ఆ ఆసుపత్రిలో పని చేసే పిల్లను రేపు ఎవరు చేసుకొంటారు?" అని దగ్గర బంధువులే అడిగారు. మా ఇల్లాలు సాధారణముగా నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రము, "ఆ ఆసుపత్రి లేకపోతే నా తమ్ముడు ఈ రోజు లేడు. ఆ పని చేసే పిల్ల వద్దనేవారి సంబంధము మాకే వద్దు" అన్నది. ఆ తరువాత మా ఇంట ఆ ప్రస్తావన రాలేదు.

మా అమ్మాయి ఇప్పుడు నర్సింగు మూడవ సంవత్సరములో ఉన్నది. మానసిక వైద్య పాఠములు, వార్డు డ్యూటీలు ఈ సంవత్సరములోనే. వార్డులో మొదటి వారము ఒక రోగి తన మీద అన్నము పళ్లెము విసిరాడనీ, మరునాడు ఏమీ ఎరుగనట్లు నమస్కారము పెట్టాడనీ ఫోనులో చెప్పింది. "భయపడ్డావా?" అని తల్లి అడిగితే, "భయపడ్డాను. మరునాడు మళ్లీ వెళ్లాను" అన్నది. ఈ పనిలో అన్ని రోజులూ కృతజ్ఞత దొరకదు. బాగయినవారు తిరిగి పడిపోతారు. కేవలము జాలితో వచ్చినవారు త్వరగా అలసిపోతారని అక్కడి పెద్దలు చెప్పుచుంటారట. ఆమె ఎం.ఎస్సీ.కి ఇదే విభాగము తీసుకొంటుందో, మనసు మార్చుకొంటుందో ఇప్పుడే చెప్పలేము. మారినా నష్టము లేదు. నర్సు వృత్తి చేతిలో ఉంటుంది. ఆ లెక్క మొదటే చూసుకొన్నాము.

ఈ దారులను తలపోసే పిల్లలు కాగితము మీద చదివి నిర్ణయించుకోవద్దు. జిల్లా ఆసుపత్రి మానసిక విభాగములో అనుమతి అడిగి ఒక ఉదయము కూర్చుండి చూడండి. నర్సింగు కళాశాల అయితే నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఉన్నదా, సైకాలజీ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిలు గుర్తింపు ఉన్నదా అని విచారించండి. ఇంటిలోనే ఎవరికైన మనసు బాగులేకపోతే 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ ఉన్నది. 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చును, డబ్బు కట్టనక్కరలేదు. మా అత్తగారు ఆనాడు అడగాలనుకొన్న ప్రశ్నను ఇప్పుడు ఏ తల్లియైన అడగవచ్చును.

తల్లిదండ్రులారా, ఫలితములు వచ్చిన తరువాత సలహా కొరకు మీలో అనేకులు మా ఇంటికి వస్తుంటారు. సంతోషము. మార్కుల కాగితము తప్పక తెస్తున్నారు. ఈసారి వచ్చేటప్పుడు బిడ్డను కూడ వెంటబెట్టుకొని రండి. ముందు ఆ బిడ్డ మాట విందాము, కాగితము తరువాత చూద్దాము.